అతిథి కోసం గీసిన గోడ

అసీర్ కొండల్లో మగవాళ్ళు రాయి మోస్తారు, మట్టి తొక్కుతారు, దూలాలెత్తి పైకప్పు వేస్తారు. అంతటితో ఇల్లు నిలబడుతుంది గానీ ఇంకా కళ్ళు తెరవదు. వాళ్ళు పక్కకు తప్పుకున్నాక ఆడవాళ్ళు లోపలికి వస్తారు. తెల్లటి జిప్సం పూత ఆరిన గోడ ముందు ఒక పెద్దావిడ కూర్చుంటుంది. ఊపిరి బిగబట్టి నల్లటి గీత ఒకటి లాగుతుంది. అప్పుడు ఇల్లు కళ్ళు తెరుస్తుంది.

ఆ గీతకు నా దండం.

లోకం నిన్ను అల్-ఖత్ అల్-అసీరి అని పిలుస్తుంది. నీ ఊరివాళ్ళు ఖత్ అంటే చాలనుకుంటారు. సౌదీ అనగానే మనవాళ్ళ మనసులో మెదిలేది ఇసుక, ఎండ, నూనె బావి, సైటు మీద హెల్మెట్టు. నీ పుట్టిల్లు ఆ సౌదీ కాదు. ఎర్రసముద్రం ఒడ్డున పరచుకున్న తిహామా మైదానం నుంచి గోడ కట్టినట్టు లేచిన సరవాత్ కొండలు నీవి. అబ్హా పట్నం సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. పక్కనున్న సౌదా కొండ 3,000 మీటర్లు దాటుతుంది. అక్కడ మబ్బు దిగివచ్చి మనిషి భుజం తాకుతుంది. వాన కురుస్తుంది. కొండవాలును మెట్లుగా తొలిచిన చేలలో జొన్న, గోధుమ, బార్లీ పండుతాయి. ఆ వానకు మట్టిగోడ కరిగిపోకుండా పలకరాళ్ళను వరసలు వరసలుగా, అంచు బయటికి పొడుచుకొచ్చేట్టు గోడలో పేరుస్తారు. కొండ దిగువన తిహామా వైపు మగవాళ్ళు తలకు పూలదండలు చుట్టుకుంటారు. బంతి, మల్లె, మధ్యమధ్య ఘుమఘుమలాడే ఆకులు. మగవాడు సైతం పూలు ముడుచుకునే నేలలో గోడ పూయకుండా ఎలా ఉంటుంది?

పూచింది. కాకపోతే లోపలి వైపు పూచింది.

వీధిలో పోయేవాడికి నువ్వు కనబడవు. రాతి ఇంటి గుమ్మం దాటి, చీకటి మెట్లెక్కి, మజ్లిస్‌లో అడుగుపెట్టి, నేల మీద పరిచిన దిండ్లకు ఆనుకుని కూర్చున్నవాడికి కనబడతావు. మజ్లిస్ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గది. కాఫీ పోసేది అక్కడే, ఖర్జూరం పెట్టేది అక్కడే, పెళ్ళి మాటలూ పొలం తగాదాలూ తెగేది అక్కడే. ఇంట్లో అన్నిటికంటే అందమైన గోడను యజమాని తన పడకగదికి పెట్టుకోలేదు, వచ్చిపోయేవాడి కోసం ఉంచాడు. ఆ గోడ గీసిన ఇల్లాలు ఆ అతిథి ఎదుటికి రాకపోవచ్చు, ఆమె పేరు అతనికి తెలియకపోవచ్చు. కానీ అతను కూర్చున్నంతసేపూ ఆమె చేతి గీతల మధ్యనే కూర్చుంటాడు. ఆమె పలికిన స్వాగతమే అతని వీపు వెనక ఎర్రగా, పచ్చగా, నల్లగా నిలబడి ఉంటుంది.

నీలో మనిషి ముఖం లేదు. పక్షి లేదు, గుర్రం లేదు. గీత ఉంది, చుక్క ఉంది, ముక్కోణం ఉంది, చతురస్రం ఉంది. అడ్డంగా పట్టీ మీద పట్టీ. ఒక పట్టీలో కోణానికి కోణం ఎదురై వజ్రమవుతుంది. మరో పట్టీలో దువ్వెన పళ్ళలా గీతలు దగ్గరదగ్గరగా దిగుతాయి. ఇంకోచోట మసీదు మిహ్రాబ్ గూడులా కమానులు. పై అంచున సన్నగా, నిటారుగా లేచే రూపాలను ఆడపిల్లలని పిలుచుకుంటారు. కాలూ చేయీ లేని ఆ పిల్లలు ఇంటి నెత్తిన వరసగా నిలబడి ఉంటారు. ఇంత లెక్క పట్టిన పనికి ముందు కాగితం మీద వేసుకున్న నమూనా ఉండదు. మనసులో ఉన్నది చేతిలోకి, చేతిలో ఉన్నది గోడ మీదికి వస్తుంది. ఏ గోడకదే సాటి. ఒక ఊరి గోడకూ మరో ఊరి గోడకూ పోలిక ఉంటుంది, నకలు ఉండదు.

తెలుగు ఆడవాళ్ళకు ఈ సంగతి విప్పి చెప్పాలా? తెల్లవారుజామున చుక్కలు పెట్టి, చుక్కను చుట్టి, చేయి ఎత్తకుండా గీత తిప్పే చేతులకు ఖత్ దూరపు చుట్టమేమీ కాదు. కాకపోతే మన ముగ్గు గుమ్మం బయట పడుతుంది, సాయంత్రానికి కాళ్ళకింద చెదిరిపోతుంది. ఖత్ ఇంటి లోపలి గోడ మీద ఉంటుంది, ఏళ్ళు నిలుస్తుంది. పండగకో పెళ్ళికో పాతదాని మీద కొత్త పూత వేసి మళ్ళీ గీస్తారు. రెండింటికీ గురువు ఒకరే. పక్కన కూర్చుని చూసే పిల్ల, తప్పు గీస్తే చేయి పట్టి దిద్దే తల్లి.

నీ పని ఒంటిచేతి పని కాదు. ఇంటావిడ కబురు పెడితే అక్కచెల్లెళ్ళు, పిన్నమ్మలు, మేనకోడళ్ళు, ఇరుగుపొరుగులు వస్తారు. ముందుచేయి అయిన పెద్దావిడ నల్లగీతలతో చట్రం వేస్తుంది. ఎక్కడ ఏ రంగో చెబుతుంది. మిగిలినవాళ్ళు నింపుతారు. పదేళ్ళ పిల్లకు కింది పట్టీ ఇస్తారు, పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చని. మాటలు సాగుతాయి, పాటలు సాగుతాయి, ఊళ్ళో ఎవరికి ఎవరిని ఇస్తున్నారో తేలుతుంది. గోడ పూర్తయ్యేసరికి పది ఇళ్ళ ఆడవాళ్ళ మధ్య కొత్త పూత ఒకటి పడుతుంది. యునెస్కో నీ గురించి చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే: ఈ గీతలు ఆడవాళ్ళను ఒకరికొకరిని కలిపి ఉంచుతాయని గుర్తించడం.

రంగులు ఎక్కడివి? ఒకప్పుడు అంగట్లో డబ్బాలు లేవు. కట్టెల మసిలో చెట్టు జిగురు కలిపితే నలుపు. ఎర్రరాయి నూరితే ఎరుపు. పశువుల మేతకు పెంచే లూసర్న్ ఆకు పసరు తీస్తే ఆకుపచ్చ. నీలిమందుతో నీలం. మేక వెంట్రుకలు పుల్లకు కట్టుకుంటే కుంచె. ఎంత కొండ ఉంటే అంత రంగు. తర్వాత పోర్టుల మీదుగా డబ్బా రంగులు వచ్చాయి. నారింజ, మెరిసే నీలం, పసుపు. రంగులు మారినందుకు కొందరు నొచ్చుకుంటారు, అసలుతనం పోయిందంటారు. నేను ఒప్పుకోను. చేతికి అందిన రంగును సంతోషంగా అందుకున్న ఆడవాళ్ళను తప్పుపట్టే హక్కు చూసేవాళ్ళకు లేదు. గీత వాళ్ళది, కొలత వాళ్ళది, నిర్ణయం వాళ్ళది.

అబ్హాకు పడమరగా కొండ దిగితే రిజాల్ అల్మా అనే ఊరు వస్తుంది. నల్లరాతి మేడలు, కిటికీల చుట్టూ తెల్లని పలుగురాళ్ళ అంచులు. యెమెన్ వైపు నుంచి మక్కా వెళ్ళే బాటసారులు, సుగంధ ద్రవ్యాల వర్తకులు ఆగిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆ ఊరి పేరు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మేడలు కాదు, ఫాతిమా అబూ గహాస్.

ఫాతిమమ్మా, నీకు బడి లేదు. సౌదీలో ఆడపిల్లలకు సర్కారు బడులు మొదలైందే 1960లో. నీ బడి మీ అమ్మ ఆమ్నా గీసిన గోడలు. చిన్న వయసులోనే భర్త పోయాడు. చంకలో పిల్లలు. పొట్ట గడవడానికి నీ చేతిలో ఉన్నది ఆ నల్లగీత ఒక్కటే. ఊళ్ళో ఇళ్ళకు పిలిస్తే వెళ్ళి గోడలు గీశావు, కూలి తీసుకున్నావు, పిల్లల్ని పెంచావు. అలంకారమని లోకం తేలిగ్గా అనే పని నీకు గింజలైంది, గుడ్డలైంది. ముసలితనంలో ఊరి పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేర్పావు. నీ దగ్గర నేర్చినవాళ్ళు తర్వాతివాళ్ళకు నేర్పుతున్నారు. 2010లో నువ్వు వెళ్ళిపోయావు. సంతకం పెట్టని గోడలు ఎన్నో వదిలి వెళ్ళావు. ఏ మ్యూజియం లెక్కలోనూ వాటి పూర్తి పట్టిక ఉండదు. ఉండకపోయినా ఆ కొండల్లో ఎవరైనా గోడ ముందు కూర్చుని కుంచె ఎత్తితే మొదట ఎత్తేది నీ చేయే.

ఖత్, ఒక దశలో నువ్వు చచ్చిపోతావనే అనుకున్నారు. నూనె డబ్బుతో సిమెంటు ఇళ్ళు వచ్చాయి. ఏసీ గదులు, వాల్‌పేపర్లు, దిగుమతి సోఫాలు వచ్చాయి. కుటుంబాలు పాత మేడలకు తాళాలు వేసి రోడ్డు పక్కకు మారాయి. తాళం వేసిన ఇంట్లో వాన కారింది. జిప్సం పెచ్చులూడింది. పైవరస ఆడపిల్లలు ఒక్కొక్కరే రాలిపోయారు. థియరీ మోజే అనే ఫ్రెంచి పరిశోధకుడు ఆ కొండల్లో తిరిగి ఫొటోలు తీసి, 1990లలో పుస్తకాలు వేశాడు. ఆ ఫొటోల్లోని గోడలు కొన్ని ఇప్పుడు ఫొటోల్లోనే ఉన్నాయి. రిజాల్ అల్మా వాళ్ళు మాత్రం చూస్తూ ఊరుకోలేదు. ఊరివాళ్ళే పూనుకుని పాత కోటను మ్యూజియం చేసుకున్నారు. 2017 డిసెంబరులో దక్షిణ కొరియాలోని జేజూ దీవిలో కూర్చున్న యునెస్కో కమిటీ నిన్ను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలోనూ అసీరీ ఆడవాళ్ళు వేసిన చిత్రం నిలబడింది. 2025ను సౌదీ ప్రభుత్వం హస్తకళల సంవత్సరంగా జరిపింది. ఒకప్పుడు ఆడవాళ్ళ చేతిలోనే ఉన్న నిన్ను ఇప్పుడు మగ చిత్రకారులు, ఇళ్ళు డిజైను చేసేవాళ్ళు, ఆర్కిటెక్టులు కూడా పట్టుకున్నారు. మూసిన ఇంటి లోపలిగది నుంచి నువ్వు కాన్వాసు మీదికి, కాఫీ కప్పు మీదికి, అబాయా అంచు మీదికి, ఫోను కవరు మీదికి వచ్చావు.

ఇక్కడే నాకు గుబులు, ఇక్కడే నాకు చెప్పాల్సిన మాట ఉంది.

గోడ ఇల్లు వదిలి కదలలేదు. గోడను కొనడం ఎవరి తరమూ కాదు. దాన్ని చూడాలంటే అతిథిగా రావాలి, చెప్పులు విప్పాలి, పెట్టింది తినాలి, అడిగింది చెప్పాలి. కాన్వాసు కదులుతుంది. కదిలేదాన్ని కొనవచ్చు, కొన్నదాన్ని మరొకరికి అమ్మవచ్చు, అమ్మినదాన్ని నకలు తీయవచ్చు. గీత మిగులుతుంది, గీసిన చేయి మాయమవుతుంది.

ఈ దారిలో నీకంటే ముందు నడిచిన గోడ ఒకటి ఉంది. అది భూమికి ఆ చివర, ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్‌కు దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో ఉన్న పపున్యా ఊళ్ళో బడిగోడ. ఎక్కడెక్కడి భూముల నుంచో తరలించి తెచ్చిన ఆదివాసులు ఉండే ఊరు అది. 1971లో అక్కడి పెద్దలు, జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు తోడ్పాటుతో, ఆ గోడ మీద తేనెచీమ పురాణాన్ని గీశారు. అది వాళ్ళ తాతల దారి, నీటి చెలమల దారి, ఆ నేల పుట్టిన కథ. తర్వాత పలకల మీద, కాన్వాసు మీద గీశారు. 1972లో చిత్రకారులే యజమానులుగా పపున్యా తులా అనే సంస్థ పెట్టుకున్నారు. ఆ బడిగోడకు మాత్రం కొన్నేళ్ళలోనే పైన రంగు కొట్టేశారు. గోడ పోయింది, గోడ మీద పుట్టిన కళ లోకమంతా తిరిగింది.

మొదట్లో గీసిన వాటిలో బయటివాళ్ళు చూడకూడని సంగతులు కొన్ని ఉన్నాయని పక్క తెగల పెద్దలు మందలించారు. చిత్రకారులు విన్నారు. పవిత్రమైనవాటిని తీసేశారు, కొన్నిటిని చుక్కల తెర కింద దాచారు. మనం ముచ్చటపడే ఆ చుక్కల వెనక కొంత మౌనం ఉంది. కొన్నవాడికి బొమ్మ దక్కుతుంది. కథ మీద హక్కు మాత్రం ఆ కథకు వారసులైన తెగ దగ్గరే ఉంటుంది. డబ్బుతో అది చేతులు మారదు. ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు మొదట తెలుసుకోవలసింది ఇదే అని నా నమ్మకం.

ఆ ఆస్ట్రేలియా నడిబొడ్డునే ఉటోపియా అనే చోట ఎమిలీ కామె ఙ్వారెయె ఉండేది. ఆడవాళ్ళు పూజావేళ ఒంటిమీద దిద్దుకునే చారలను జీవితమంతా దిద్దిన ముసలమ్మ. ఎనభైకి దగ్గరపడ్డాక కాన్వాసు పట్టింది. 1996లో పోయేలోపు ఆ కొద్ది ఏళ్ళలోనే వేల చిత్రాలు గీసింది. ఆమెను తలచినప్పుడల్లా నాకు ఫాతిమా గుర్తొస్తుంది. ఇద్దరూ చూసుకోలేదు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. గుంపుగా కూర్చున్న ఆడవాళ్ళ మధ్య నేర్చుకున్న గీతను ఇద్దరూ చివరిదాకా వదల్లేదు.

పపున్యా చిత్రకారుడు క్లిఫర్డ్ పోసమ్ జపల్జారి సంగతి మాత్రం కొనేవాళ్ళు వినితీరాలి. 1977లో ఆయన గీసిన వార్లుగులాంగ్ అనే పెద్ద చిత్రాన్ని ఒక బ్యాంకు 1,200 డాలర్లకు కొన్నది. చాలాకాలం అది బ్యాంకు వాళ్ళ క్యాంటీనులో వేలాడింది. 2007లో అదే చిత్రం వేలంలో 24 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పోయింది. చిత్రకారుడు 2002లోనే కన్నుమూశాడు. ఆ లక్షల్లో ఆయన కుటుంబానికి రావలసిన వాటా అంటూ చట్టంలో అప్పటికి ఏమీ లేదు. ఆస్ట్రేలియాలో తిరిగి అమ్మినప్పుడు చిత్రకారుడికో వారసులకో 5 శాతం ఇవ్వాలన్న చట్టం 2010లో అమల్లోకి వచ్చింది. అయినా కష్టం తీరలేదు. అక్కడ ఆదివాసీ శైలి పేరుతో అమ్ముడయ్యే జ్ఞాపికల్లో సగానికి పైగా ఆదివాసుల చేయి తగలనివేనని 2022లో ప్రభుత్వ ప్రొడక్టివిటీ కమిషన్ తేల్చింది.

ఈ బాధ మనకు కొత్తదా? కరక్కాయ నీళ్ళలో బట్ట నానబెట్టి, పాలలో ముంచి, వెదురు కలంతో గీసి, ఏట్లో ఉతికి, వారాల తరబడి చేసే శ్రీకాళహస్తి కలంకారీ పేరు పెట్టుకుని, మిషను మీద గంటలో అచ్చయిన బట్ట మన అంగళ్ళలో అమ్ముడవుతోంది. తెలిసి కొన్నవాళ్ళున్నారు, తెలియక కొన్నవాళ్ళున్నారు. నష్టపోయింది మాత్రం ఒక్కరే. అందుకే ఖత్ గురించి మాట్లాడే అర్హత మనకు ఉందనుకుంటాను.

ఖత్, నీలో దాచవలసిన రహస్యం లేదు. నువ్వు అందరూ చూడాలనే పుట్టావు. వచ్చినవాడి కళ్ళకు విందు చేయాలనే నిన్ను ఆ ఆడవాళ్ళు గీశారు. పపున్యా చుక్కల్లా నువ్వు ఏ సంగతినీ తెర వెనక పెట్టవు. అందుకే నిన్ను దోచుకోవడం ఇంకా సులువు. తలుపు తీసి ఉంచిన ఇల్లు నీది. ఎవరో దూరదేశపు ఫ్యాక్టరీలో నీ ముక్కోణాలను కంప్యూటరు మీద పేర్చి, స్టిక్కర్లుగా, టేబులు గుడ్డలుగా, ప్లాస్టిక్ పళ్ళేలుగా గుద్ది అమ్మితే ఆ కొండమీది ఆవిడకు తెలియనైనా తెలియదు. గీతలు నీవే, రంగులు నీవే. దాని కోసం ఎవరూ ఎవరినీ ఇంటికి పిలవలేదు, ఏ పిల్లా ఏ తల్లి పక్కనా కూర్చోలేదు.

2025 ఫిబ్రవరిలో రియాద్ పక్కన దిరియాలో సోథెబీస్ సంస్థ వేలం నిర్వహించింది. అంతర్జాతీయ వేలం సంస్థ ఒకటి సౌదీలో సుత్తి మోగించడం అదే మొదటిసారి. సౌదీ గడ్డ మీద కళకు పెద్ద బజారు తెరుచుకుంటోంది. అందులో ఆధునిక చిత్రకారులకు చోటు దొరుకుతోంది, దొరకాలి కూడా. ఆ వెలుగు అసీర్ మేడల మెట్లెక్కి లోపలిగది దాకా రావాలని నా కోరిక. గోడ గీసిన ఆడవాళ్ళను అజ్ఞాత జానపద కళాకారులనే ఒక్క మాట కింద తోసెయ్యకుండా, ఎవరి చేతిని వాళ్ళ పేరుతో పిలిచే రోజు రావాలి. రియాద్‌లోని రాజ సంప్రదాయ కళల సంస్థలో ఈతరం పిల్లలు ఇలాంటి కళలను చదువుగా నేర్చుకుంటున్నారు. పాతకాలపు ముందుచేయికి ఇంతకాలం దొరకని సంతకం వీళ్ళకు దొరుకుతుంది. అది మంచి మాట. ఆ సంతకం కింద వాళ్ళ అమ్మమ్మల పేర్లు కూడా రాయాలని వాళ్ళకు అనిపిస్తే ఇంకా మంచి మాట.

ఖమీస్ ముషైత్‌లో, అబ్హాలో, జెద్దాలో, రియాద్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మనవి. మీలో కొందరు ఆ కొండల్లో రోడ్లు వేశారు, ఆసుపత్రుల్లో ఆ ముసలమ్మలకు సేవ చేశారు, డ్రైవర్లుగా ఆ ఇళ్ళ వాకిట్లో బండి ఆపారు. సెలవు దొరికి ఇంటికి బయలుదేరేటప్పుడు పెట్టెలో ఖర్జూరం ఉంటుంది, అత్తరు ఉంటుంది, దుప్పటి ఉంటుంది. వాటి పక్కన ఈసారి చేత్తో గీసిన ఖత్ పలక, ఎంత చిన్నదైనా సరే, ఒక్కటి చోటు చేసుకోనివ్వండి. కుదిరితే రిజాల్ అల్మా వెళ్ళండి, గోడ ముందు కాసేపు కూర్చోండి. చవకదని అచ్చుబొమ్మ జోలికి పోకండి. గీసినావిడ ఎవరో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. చెప్పినది కాగితం మీద రాయించుకుని పలక వెనక అంటించండి. మీ తర్వాత ఆ పలక ఎవరి చేతికి పోయినా ఆ కాగితం దానితోపాటే పోవాలి. అమ్మేవాడు ఆమె పేరు చెప్పలేకపోతే అక్కడ కొనకండి, చెప్పగలిగిన చోటికి వెళ్ళి కొనండి.